ఇంట్లో స్ప్రిట్జ్ ఎందుకు కుదరదు, ఎలా కుదురుతుంది

మూడు పాళ్లు ప్రొసెక్కో అనే బుడగల వైన్, రెండు పాళ్లు అపెరోల్ అనే నారింజ రంగు చేదు మద్యం, ఒక పాలు సోడా. ఇటలీవారి స్ప్రిట్జ్ ఎలా కలపాలని ఎవరిని అడిగినా చెప్పే కొలత ఇదే. ఇంత తేలికైన కొలతను అక్షరాలా పాటించినా, ఇంట్లో కలిపిన గ్లాసు చాలాసార్లు దగ్గుమందులా తియ్యగా, నాలుకకు అంటుకునేలా, బుడగ లేకుండా తయారవుతుంది. తీపి ఎక్కువైందనిపించి ఇంకాస్త సోడా పోస్తే అదీ పోయి నీళ్లనీళ్లగా మిగులుతుంది. దీనికి కొలత తప్పని సరిపెట్టుకోవడం సరికాదు. ఆ కొలతలో లెక్కకు రాని రెండు పదార్థాలు ఉన్నాయి, ఒకటి చల్లదనం, రెండోది గ్యాసు. ఈ రెండూ సీసా మూత తీసిన క్షణం నుంచి తరిగిపోతూనే ఉంటాయి. వాటిని కాపాడుకున్న ఇంట్లో స్ప్రిట్జ్ కుదురుతుంది, కాపాడుకోని ఇంట్లో ఎంత ఖరీదైన సీసా తెచ్చినా కుదరదు.

ఈ పానీయం ఇటలీ ఈశాన్యంలోని వెనెతో ప్రాంతానిది. 1815లో ఏర్పడిన లంబార్డీ-వెనీషియా రాజ్యం ఆస్ట్రియా చక్రవర్తుల ఏలుబడిలో ఉండేది, 1866లో వెనిస్ ఇటలీలో కలిసింది. ఆ కాలంలో అక్కడికి వచ్చిన ఆస్ట్రియా సైనికులకు, వర్తకులకు స్థానిక వైన్ ఘాటుగా అనిపించి అందులో కాసిన్ని నీళ్లు చిలకరించమని అడిగేవారని చెబుతారు. జర్మన్ భాషలో చిలకరించడాన్ని 'స్ప్రిట్జెన్' అంటారు, పానీయం పేరు అక్కడి నుంచే వచ్చింది. అంటే మొదటి స్ప్రిట్జ్‌లో రంగూ లేదు, చేదూ లేదు, అది నీళ్లు కలిపిన తెల్ల వైన్ మాత్రమే. తర్వాత మామూలు నీళ్ల స్థానంలోకి సోడా వచ్చింది. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో పాదువా, వెనిస్ నగరాల్లో తయారైన చేదు మద్యాలు అందులో చేరాయి. వాడుకలో ఉండిన మామూలు తెల్ల వైన్ పోయి, బుడగలుండే ప్రొసెక్కో స్థిరపడటం ఇంకా ఇటీవలి మార్పు. అపెరోల్‌ను 2003లో కంపారి సంస్థ కొన్నది. ఆ తర్వాతి సంవత్సరాల్లో నారింజ రంగు గ్లాసు వెనెతో పొలిమేరలు దాటి ప్రపంచమంతా తిరిగింది, మూడు-రెండు-ఒకటి అన్న కొలత కూడా దానితో పాటే తిరిగింది. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం తన అధికారిక జాబితాలో చూపే కొలత 90 మిల్లీలీటర్ల ప్రొసెక్కో, 60 మిల్లీలీటర్ల అపెరోల్, పైన కాస్త సోడా.

ఇటలీలో దీన్ని తాగేది భోజనంతో కాదు, భోజనానికి ముందు. ఆ వేళనూ ఆ పానీయాన్నీ కలిపి 'అపెరితీవో' అంటారు, దానికి మూలమైన లాటిన్ మాట 'అపెరీరె'కు తెరవడం అని అర్థం. తెరవవలసింది ఆకలిని. చేదు ఆకలి పుట్టిస్తుందన్నది యూరప్ మూలికా వైద్యంలో చాలా పాత నమ్మకం. చేదు తగలగానే నోట్లో లాలాజలం ఊరడం ఎవరికైనా అనుభవంలో ఉన్నదే. అందుకే స్ప్రిట్జ్‌లో చేదును సహించవలసిన లోపంగా చూడకూడదు, ఆ పానీయం పుట్టిందే చేదు కోసం. తియ్యటి షర్బత్‌ను ఆశించి గ్లాసు పట్టుకున్నవారికి చివర తగిలే చేదు మోసంలా అనిపిస్తుంది. చేదును ఆశించినవారికి ముందు తగిలే తీపి దానికి దారిలా ఉంటుంది.

ఆ చేదు ప్రధానంగా వేర్లు, బెరడులు, పండ్ల తొక్కల నుంచి వస్తుంది. ఆల్ప్స్ కొండల్లో పెరిగే జెన్షియన్ అనే మొక్క వేరులో ఉండే అమరోజెంటిన్ ప్రకృతిలో దొరికే అతి చేదు పదార్థాల్లో ఒకటి. సింకోనా బెరడులోది క్వినైన్, మలేరియా మందుగా మన పెద్దలకు బాగా తెలిసిన చేదు. రూబార్బ్ వేరు ఇంకో రకం. వీటన్నిటికంటే మనకు దగ్గరిది నారింజ తొక్క. ఇటాలియన్లు చేదు మద్యాల్లో వాడే నారింజ బజారులో తినడానికి అమ్మే తియ్యటి పండు కాదు, పుల్లగా, చేదుగా ఉండే వేరే జాతి. అందులోని చేదు పదార్థానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు నారింజిన్. సంస్కృతంలో 'నారంగ', పర్షియన్‌లో 'నారంగ్', అరబిక్‌లో 'నారంజ్', వెనిస్ వాడుకలో 'నరాన్జ', తెలుగులో 'నారింజ': ఈ పండు తూర్పు నుంచి పడమరకు ప్రయాణిస్తూ తన పేరును కూడా మోసుకెళ్లింది. వెనిస్ రేవు కాలువ గట్టు మీద కూర్చుని స్ప్రిట్జ్ తాగే మనిషి నోట పలికే మాటకూ, మన మాటకూ ఉన్న చుట్టరికం అంత దగ్గరిది.

చేదును తీపితో పట్టి నిలపడం తెలుగు వంటకు కొత్త కాదు. కాకరకాయ ముక్కలకు ఉప్పు పట్టించి పిండటం, పులుసులో చింతపండుతో పాటు బెల్లం వేయడం ఇంటింటా చేసేదే. ఆ పులుసు బాగా కుదిరినప్పుడు కాకర చేదు మాయం కాదు, తీపి పులుపుల మధ్య దాని అంచు మెత్తబడుతుంది. అపెరోల్, కంపారి వంటి మద్యాల్లో చక్కెర చేసే పని బెల్లం చేసే పనే. వైన్‌లోని పులుపు చింతపండు స్థానంలో ఉంటుంది. తేడా ఒక్కటే, పులుసు వేడిగా తింటాం, స్ప్రిట్జ్‌ను మంచు చలువలో తాగుతాం. రుచి విషయంలో ఆ ఒక్క తేడా చాలా పెద్దది.

నాలుకను చల్లబరిస్తే తీపి, చేదు రెండూ మందగిస్తాయి, పులుపు అంతగా మందగించదు. కరిగిపోయిన ఐస్‌క్రీమ్ గడ్డగా ఉన్నప్పటికంటే మరీ తియ్యగా తోచడానికి కారణం ఇదే. గది వేడిలో ఉన్న అపెరోల్‌ను ఒక చెంచాడు విడిగా రుచి చూస్తే పాకంలా బరువుగా ఉంటుంది, తర్వాత చేదు ఆగకుండా వస్తుంది. అదే చెంచాడు బాగా చల్లబరిచి చూస్తే నారింజ తొక్క వాసన, పులుపు ముందుకొస్తాయి, తీపి వెనక్కి తగ్గుతుంది. మూడు-రెండు-ఒకటి అన్న కొలత సున్నా డిగ్రీల దగ్గర ఉన్న గ్లాసుకు సరిపోయే కొలత. గ్లాసు 15 డిగ్రీలకు చేరితే పాళ్లు మారకపోయినా తూకం మారిపోతుంది.

అయితే ఐస్ ఎక్కువ వేస్తే నీళ్లవుతుందన్న భయంతో చాలామంది రెండు ముక్కలు వేసి ఊరుకుంటారు. స్ప్రిట్జ్ చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఒక గ్రాము ఐస్ కరగడానికి సుమారు 80 క్యాలరీల వేడి కావాలి, ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ చల్లబరచడానికి ఒక క్యాలరీ తీయాలి. 90 మిల్లీలీటర్ల ప్రొసెక్కో, 60 అపెరోల్, 30 సోడా కలిపితే 180 మిల్లీలీటర్లు. మూడు సీసాలూ 30 డిగ్రీల గదిలో ఉన్నాయనుకుంటే, ఆ పానీయం సున్నాకు దిగాలంటే 5,400 క్యాలరీలు పోవాలి, అంటే దాదాపు 67 గ్రాముల ఐస్ కరిగి అందులో కలవాలి. అదే సీసాలు ఫ్రిజ్‌లో 5 డిగ్రీల దగ్గర ఉండి ఉంటే కరిగేది 11 గ్రాములే. లెక్క స్థూలమైనదే, చక్కెర, ఆల్కహాల్ ఉన్న ద్రవం అచ్చంగా నీటిలా ప్రవర్తించదు. అయినా తేడా ఎంతన్నది స్పష్టం. మొదటి గ్లాసులో మూడో వంతుకు పైగా అదనంగా నీళ్లు చేరాయి, రెండో దానిలో చేరింది మూడు చెంచాలకు మించదు. నీళ్లతో పలచబడటానికి కారణం ఐస్ ఎక్కువ కావడం కాదు, సీసాలు వెచ్చగా ఉండటం. చల్లటి సీసాల నుంచి పోసినప్పుడు గ్లాసు నిండా ఐస్ ఉన్నా అది కరగకుండా నిలుస్తుంది, తాగినంతసేపూ చలువను కాపాడుతుంది. రెండే ముక్కలు వేస్తే అవి కరిగిపోయాక చల్లబరచడానికి ఏమీ మిగలదు.

మే నెల విజయవాడలోనో ఖమ్మంలోనో ఈ లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది, అక్కడ గది వేడి 30 దగ్గర ఆగదు. వెనిస్ బార్లలో సీసాలు రోజంతా చల్లటి అరల్లో ఉంటాయి కాబట్టి అక్కడి మనిషి ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పడు. రాసిపెట్టిన పాళ్లు మాత్రమే మన చేతికొస్తాయి, వాటి వెనకున్న చలువ రాదు. కాబట్టి కొలత గ్లాసు వెతకడానికి ముందు, నాలుగైదు గంటల ముందే ప్రొసెక్కో, అపెరోల్, సోడా మూడింటినీ ఫ్రిజ్‌లో పెట్టాలి. గ్లాసును పావుగంట ఫ్రీజర్‌లో ఉంచాలి. ఐస్‌ను ఫ్రీజర్ నుంచి చివరి నిమిషంలోనే తీయాలి. గిన్నెలో వేసి బల్ల మీద పెట్టిన ఐస్ అప్పటికే చెమ్మగిల్లి ఉంటుంది, దాని ఒంటికున్న నీళ్లు నేరుగా గ్లాసులోకి పోతాయి.

గ్యాసు విషయం కూడా వేడితోనే ముడిపడి ఉంది. సున్నా డిగ్రీల దగ్గర లీటరు నీరు దాదాపు 1.7 లీటర్ల బొగ్గుపులుసు వాయువును కరిగించుకుంటుంది, 20 డిగ్రీల దగ్గర పట్టేది అందులో సగమే, 30 దగ్గర ఇంకా తక్కువ. వెచ్చటి సోడా సీసా తెరవగానే బుస్సుమని పొంగి, గ్లాసులోకి వచ్చేసరికి చచ్చుబడేది అందుకే. బుడగ కంటికి అందం కోసమే ఉన్నదని అనుకోవడం పొరపాటు, దానికి రుచిలో పని ఉంది. నాలుక మీద ఉండే ఒక ఎంజైమ్ ఆ వాయువును ఆమ్లంగా మారుస్తుంది, మనకు తగిలే చురుకు చాలావరకు ఆ ఆమ్లానిదే. ఎత్తైన పర్వతాలెక్కేవారు వేసుకునే అసిటజోలమైడ్ అనే మందు ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది, ఆ మందు వాడుతున్నవారికి బీరు, షాంపేన్ బుడగలు కనిపిస్తూనే ఉన్నా రుచి చప్పగా తోస్తుంది. స్ప్రిట్జ్‌లో తీపికి ఎదురు నిలిచేవి వైన్ పులుపు, ఈ చురుకు. చురుకు పోతే తీపికి పగ్గం పోయినట్లే.

ప్రొసెక్కో ఎంపికలో ఒక చిక్కు ఉంది. చీటీ మీద 'ఎక్స్‌ట్రా డ్రై' అని చూసి అది అన్నిటికంటే తీపి తక్కువ రకమని అనుకోవడం సహజం, నిజం దానికి తలకిందులు. 'బ్రూట్' అన్నదానిలో లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర ఉంటుంది, 'ఎక్స్‌ట్రా డ్రై'లో 12 నుంచి 17 గ్రాములు, 'డ్రై'లో 17 నుంచి 32 గ్రాములు. అపెరోల్‌లోనే కావలసినంత చక్కెర ఉన్నప్పుడు వైన్ నుంచి మళ్లీ తీపి తెచ్చుకోవడంలో అర్థం లేదు, బ్రూట్ తీసుకోవడమే సరైనది. ప్రొసెక్కోలో కనీసం 85 శాతం గ్లేరా అనే ద్రాక్ష ఉండాలని నియమం. వెనిస్‌కు ఉత్తరాన కొనెలియానో, వాల్దొబ్బియాదెనె ఊళ్ల మధ్య ఉన్న నిటారు కొండల్లో పండే ద్రాక్షకు పేరెక్కువ, ఆ కొండలను 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే అక్కడి ఖరీదైన సీసాను స్ప్రిట్జ్‌లో పోయడం దండగ. పియర్ పండునూ తెల్ల పూలనూ తలపించే దాని సున్నితమైన వాసన అపెరోల్ కింద పూర్తిగా అణిగిపోతుంది. అలాంటి వైన్‌ను విడిగా తాగడమే దానికి గౌరవం. స్ప్రిట్జ్‌కు కావలసింది పులుపు, గ్యాసు, తీపి లేకపోవడం, అంతే.

ప్రొసెక్కోకు బుడగ పెద్ద స్టీలు తొట్టెలో, మూసి ఉంచిన పీడనంలో రెండోసారి పులియడం వల్ల వస్తుంది. 1895లో ఇటలీకి చెందిన ఫెదెరికో మార్తినోత్తి ఈ పద్ధతి కనిపెట్టాడు, 1907లో ఫ్రాన్స్‌లో యూజీన్ షార్మా మెరుగుపరిచాడు. షాంపేన్‌లో అదే పని ఒక్కో సీసాలో విడివిడిగా జరుగుతుంది, ఈస్ట్ మడ్డితో చాలాకాలం కలిసి ఉండటం వల్ల దానికి కాల్చిన రొట్టె వాసన పడుతుంది. ప్రొసెక్కో దొరకనిచోట స్పెయిన్ వారి కావా వాడవచ్చు. మన దేశంలో నాసిక్ ప్రాంతంలో తయారయ్యే బ్రూట్ రకం స్పార్క్లింగ్ వైన్లు కూడా పనికొస్తాయి. వీటిలో చాలావాటికి ఆ రొట్టె ఛాయ ఉంటుంది, గ్లాసు కొంచెం బరువుగా తేలుతుంది కానీ చెడదు.

ఇక చేదు మద్యాల సంగతి. అపెరోల్‌ను పాదువాలో లుయీజీ, సిల్వియో బార్బియెరి అనే అన్నదమ్ములు 1919లో విడుదల చేశారు. అందులో ఆల్కహాల్ 11 శాతమే, మామూలు వైన్‌తో సమానం. మరుసటి ఏడు, 1920లో, వెనిస్‌లో సెలెక్ట్ వచ్చింది, దానిలో 17.5 శాతం. కంపారి వీటికంటే చాలా పాతది. గాస్పరె కంపారి 1860లో మొదలుపెట్టిన ఆ ఎర్రటి మద్యం ఇటలీలో 25 శాతంతో అమ్ముడవుతుంది, చేదులో మిగతా రెండింటినీ దాటిపోతుంది. 1952లో వచ్చిన చీనార్ ఆర్టిచోక్ ఆకుల ఛాయతో గోధుమ రంగులో ఉంటుంది, దానితో చేసే స్ప్రిట్జ్‌లో నారింజ కంటే మట్టివేరు వాసన ఎక్కువ. ఈ నాలుగింటినీ ఒకే కొలతలో పెట్టడం కుదరదు. మూడు-రెండు-ఒకటి అపెరోల్ కోసం తయారైన పాళ్లు. కంపారిని అలాగే 60 మిల్లీలీటర్లు పోస్తే చేదు మిగతా అన్నిటినీ మింగేస్తుంది, 40 దగ్గర ఆపి సోడా పెంచితే నిలబడుతుంది.

ఈ మద్యాల్లో స్ప్రిట్జ్‌కు అన్నిటికంటే బాగా అమరేది సెలెక్టే. దాని చేదు అపెరోల్ కంటే లోతుగా ఉండి, కంపారి అంత మొండిగా ఉండదు. వెనిస్ వాసులు తమ స్ప్రిట్జ్ ఇదేనని పట్టుపట్టడానికి ఊరి అభిమానం ఒక్కటే కారణం కాదు. అయితే ఇటలీ బయట అది అన్నిచోట్లా దొరకదు. దొరకనప్పుడు 30 మిల్లీలీటర్ల అపెరోల్, 30 మిల్లీలీటర్ల కంపారి కలిపితే ఆల్కహాల్ 18 శాతం దగ్గరకు వస్తుంది, చేదు కూడా మధ్యస్థంగా కుదురుతుంది. అపెరోల్ స్ప్రిట్జ్ మరీ తియ్యగా ఉందని పక్కన పెట్టేసినవారికి ఈ సగం-సగం గ్లాసు ఆ పానీయం మీద కొత్త అభిప్రాయం కలిగించగలదు.

ఒక గ్లాసు కలిపే తీరును దగ్గరగా చూస్తే పైన చెప్పిన కారణాలన్నీ చేతి కదలికల్లో కనిపిస్తాయి. ముందు ప్రొసెక్కో సీసా తెరవాలి. సీసాలో పీడనం 3.5 బార్లకు తగ్గదు, కారు టైరులో ఉండేదానికంటే అది ఎక్కువ. తీగ వదులు చేశాక బొటనవేలు బిరడా మీద నుంచి తీయకూడదు, మూతిని మనుషులవైపు, ట్యూబ్‌లైటువైపు తిప్పకూడదు. సీసాను వాలుగా పట్టి, బిరడాను గుడ్డతో బిగించి, బిరడాను కాకుండా సీసాను మెల్లగా తిప్పాలి. ఠప్పుమని ఎగిరితే వేడుకగా ఉంటుంది కానీ ఎగిరిపోయేది గ్యాసే, నిట్టూర్పు లాంటి చిన్న చప్పుడుతో తెరుచుకుంటే గ్యాసు సీసాలోనే ఉన్నట్టు. ఫ్రీజర్ నుంచి తీసిన పెద్ద వైన్ గ్లాసును అంచుదాకా పెద్ద ఐస్ గడ్డలతో నింపాలి. గ్లాసును కొద్దిగా వంచి 90 మిల్లీలీటర్ల ప్రొసెక్కో గోడ వెంట జారేలా పోయాలి, నేరుగా ఐస్ మీద పోస్తే నురగ లేచి గ్యాసు సగం అక్కడే పోతుంది.

తర్వాత అపెరోల్. ఏది ముందు పోయాలన్నదాని మీద వాదాలున్నాయి కానీ కారణం చూస్తే జవాబు తేలికే. చక్కెర వల్ల అపెరోల్ వైన్ కంటే బరువైనది. దాన్ని ముందు పోస్తే అడుగున పాకంలా కూర్చుంటుంది, కలపడానికి గరిటె తిప్పక తప్పదు, తిప్పిన ప్రతి చుట్టుకూ బుడగలు పోతాయి. వైన్ మీద పోస్తే తన బరువుకు తానే కిందికి దిగుతూ దారిలోనే కలుస్తుంది. ఐస్ గడ్డల సందుల్లోంచి నారింజ రంగు పొగలా దిగి గ్లాసంతా పరుచుకోవడం కంటికి కనిపిస్తుంది. పైన 30 మిల్లీలీటర్ల సోడా పోసి, పొడుగు చెంచాను అడుగుదాకా దించి ఐస్‌ను ఒక్కసారి పైకెత్తి వదిలేస్తే చాలు. షేకర్‌లో వేసి ఊపడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

సోడా అంటే సోడాయే, టానిక్ వాటర్ కాదు. టానిక్‌లో చక్కెర, క్వినైన్ రెండూ ఉంటాయి, దానితో తీపి, చేదు పెరిగి తూకం చెడుతుంది. చిన్న సీసా కొని అప్పటికప్పుడు తెరవడం మంచిది, నిన్న సగం వాడి మూత బిగించిన పెద్ద సీసాలో గ్యాసు నిలవదు. ఇంట్లో సైఫన్‌తో సోడా చేసుకునేవారు బొగ్గుపులుసు వాయువు గుళికలే వాడుతున్నామని చూసుకోవాలి. క్రీమ్ నురగకు వాడే గుళికలు చూడటానికి అలాగే ఉంటాయి, వాటిలో ఉండేది నైట్రస్ ఆక్సైడ్, దానితో సోడా తయారు కాదు.

పైన పెట్టే నారింజ చక్రం అలంకారం కోసమే కాదు. ముక్కుకు ముందు చేరే వాసన తొక్కలోని నూనెది. తొక్కను గ్లాసు మీద ఒకసారి మెలిపెడితే ఆ నూనె తుంపర పైన పడి, మొదటి గుక్కకు ముందే చేదు వస్తోందని చెబుతుంది. నాగపూర్ కమలాల తొక్క వదులుగా, పలచగా ఉంటుంది, వాసన బాగున్నా చక్రంగా కోస్తే నిలవదు. ఇక్కడ తెలుగు నేలకు నిజమైన చుట్టరికం ఒకటుంది. అనంతపురం, నల్లగొండ తోటల్లో పండే సాత్‌గుడి బత్తాయి వృక్షశాస్త్రం ప్రకారం ఇటలీ బజారులో అమ్మే తియ్యటి నారింజ జాతిదే. ఆ జాతి శాస్త్రీయ నామంలోని 'సైనెన్సిస్' అన్న మాటకు చైనాది అని అర్థం, రాయలసీమ రైతు దాన్ని చీనీకాయ అనడంలోనూ అదే దేశం పేరు పలుకుతుంది. బత్తాయి రసం తీసి కాసేపు ఉంచితే చేదెక్కడం అందరూ చూసిందే, లిమొనిన్ అనే పదార్థం నెమ్మదిగా ఏర్పడటం దానికి కారణం. అంటే నారింజ కుటుంబంలో చేదు ఎప్పుడూ గడప అవతలే ఉంటుంది. పచ్చతొక్క చీనీకాయను శుభ్రంగా కడిగి, మందమైన అర్ధచక్రం కోసి గ్లాసులో వేస్తే అది అరువు తెచ్చిన వస్తువులా ఉండదు.

వెనిస్‌లో సెలెక్ట్ స్ప్రిట్జ్‌లో ఉప్పునీటిలో ఊరిన పచ్చ ఆలివ్‌ను పుల్లకు గుచ్చి వేస్తారు. కొత్తవారికి ఇది విడ్డూరంగా తోస్తుంది. కానీ ఉప్పు చేదును అణుస్తుంది, కాకరకాయకు ఉప్పు రాసే చేతికి ఈ సంగతి ఎవరూ చెప్పనవసరం లేదు. ఆలివ్ కొరికి ఒక గుక్క తాగితే చేదు వెనక దాగిన నారింజ వాసన బయటపడుతుంది. అక్కడి 'బాకరో' అనే చిన్న అంగళ్లలో గ్లాసు పక్కన ఎప్పుడూ ఏదో ఒక ఉప్పటి చిరుతిండి ఉండటం వెనక కూడా ఇదే తర్కం ఉంది. ఇంట్లోనైతే వేయించిన జీడిపప్పో, ఉప్పు వేరుశనగలో, చెక్కలో ఆ పని చేస్తాయి. కారం మాత్రం తక్కువగా ఉండాలి, మిరప మంట మీద గ్యాసు చురుకు పడితే రెండూ కలిసి నోరు మండుతుంది, రుచి తెలియదు.

ఇదే కుటుంబంలో ఇంకో రెండు గ్లాసులు చెప్పుకోదగ్గవి. కంపారి, ఎర్ర వెర్మూత్ (మూలికలు కలిపిన వైన్) సమంగా పోసి సోడాతో నింపితే అమెరికానో. మిలాన్‌లోని బార్ బస్సోలో 1972లో మిర్కో స్తొక్కెత్తో నెగ్రోని (కంపారి, వెర్మూత్, జిన్ కలిపిన పానీయం) కలుపుతూ జిన్ బదులు పొరపాటున స్పార్క్లింగ్ వైన్ పోశాడని, దానికి 'స్బలియాతో', అంటే తప్పినది, అన్న పేరు నిలిచిందని చెబుతారు. కంపారి, వెర్మూత్, ప్రొసెక్కో మూడూ సమానం. చలువ, గ్యాసుల నియమాలు వీటికీ అవే. వెర్మూత్ వైన్‌తో చేసినది కాబట్టి తెరిచాక ఫ్రిజ్‌లోనే ఉంచాలి, లేకపోతే కొన్ని వారాల్లో పులిసిన వాసన వస్తుంది.

రంగూ బుడగా చూసి ఇది పిల్లల షర్బత్ లాంటిదన్న భ్రమలో పడకూడదు. 11 శాతం వైన్ 90 మిల్లీలీటర్లలో 9.9, అపెరోల్ 60లో 6.6, మొత్తం 16.5 మిల్లీలీటర్ల ఆల్కహాల్. 42.8 శాతం విస్కీ 30 మిల్లీలీటర్ల పెగ్గులో ఉండేది 12.8. అంటే ఒక్క అపెరోల్ స్ప్రిట్జ్ ఒకటింపావు పెగ్గుకు పైమాటే. కంపారితో 60 మిల్లీలీటర్ల కొలత పాటిస్తే దాదాపు రెండు పెగ్గులు. చల్లగా, తియ్యగా ఉండి సులువుగా దిగిపోతుంది కాబట్టి ఈ లెక్క ముందే మనసులో ఉండాలి. తాగినవారు బండి నడపకూడదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి.

మద్యం ముట్టనివారికి ఈ రుచి అందదని కాదు. ఇటలీలోనే ఆల్కహాల్ లేని అపెరితీవోలు చాలాకాలంగా ఉన్నాయి. 1965 నుంచి వస్తున్న క్రొదీనో నారింజ రంగులో, మూలికల చేదుతో, చిన్న సీసాలో దొరుకుతుంది. అది దొరకనిచోట టానిక్ వాటర్ రెండు పాళ్లు, సోడా ఒక పాలు పోసి, నారింజ తొక్క నూనె పిండి, ఉప్పు ఆలివ్ వేస్తే క్వినైన్ చేదుతో ఒక మంచి గ్లాసు తయారవుతుంది. మద్యం ఉన్న గ్లాసు నుంచి తీసేసిన టానిక్ ఇక్కడ చేదుకు ఆధారమవుతుంది.

ఇంటికి నలుగురు వచ్చినప్పుడు పెద్ద జగ్గులో ఒకేసారి కలిపి పెట్టాలన్న ఆలోచన వస్తుంది, దాన్ని అక్కడే ఆపాలి. పావుగంటలో ఆ జగ్గులో గ్యాసూ ఉండదు, చలువా ఉండదు. ముందుగా చేయగలిగిందల్లా చేదు మద్యాన్ని కొలిచి చల్లబరచడం, పండు కోసి పెట్టడం, గ్లాసులను ఫ్రీజర్‌లో సర్దడం. 750 మిల్లీలీటర్ల ప్రొసెక్కో సీసా ఎనిమిది గ్లాసులకు వస్తుంది, వాటికి అపెరోల్ 480 మిల్లీలీటర్లు కావాలి. ఎనిమిది గ్లాసులు పోయకపోతే మిగిలిన వైన్ సీసా మూతిలో వెండి చెంచా వేలాడదీస్తే గ్యాసు నిలుస్తుందని యూరప్‌లో ఒక నమ్మకం ఉంది, అది నిలవదు. స్పార్క్లింగ్ వైన్‌కని అమ్మే బిగింపు మూత పెట్టి, సీసాను నిలువుగా ఫ్రిజ్‌లో ఉంచితే మర్నాటి సాయంత్రానికి ఇంకో రెండు గ్లాసులకు సరిపడా చురుకు మిగులుతుంది. మూడో రోజుకు అది స్ప్రిట్జ్‌కు పనికిరాదు.